ఉమ్మి పంపితే ఊరు తెలుస్తుందా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో, ఆరోగ్యం గురించో ఎవరో ఒకరు మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "పరాయి దేశాల్లో ఉన్న మన పిల్లలు డి.ఎన్.ఏ. పరీక్షలు చేయించుకొంటున్నారు. ఇక్కడ తల్లిదండ్రులు ఆ కాగితాలు పట్టుకొని సంఘం ఆఫీసుకొచ్చి, ఇందులో ఏముందో చెప్పండి అంటున్నారు. వంశావళి పుస్తకం పని మీరే చూస్తున్నారు గదా, ఆ సంగతేదో నలుగురికీ అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు.

మేము డాక్టర్లం కాము, సైంటిస్టులం అంతకన్నా కాము. మన కుటుంబాల వివరాలు అడిగి, ఒక పుస్తకంలోకి ఎక్కిస్తున్నవాళ్ళం మాత్రమే. మా దగ్గరకు వచ్చినవారి అనుభవాలూ, చదివి తెలుసుకొన్న నాలుగు ముక్కలూ మీ ముందుంచుతాము. పేర్లు మాత్రం చెప్పము. ఎవరి సంగతి చెబుతున్నామో వారిని అడిగి, సరే అన్నాకనే చెబుతున్నాము.

ముందుగా ఈ పరీక్ష ఏమిటో చూద్దాం. కంపెనీకి డబ్బు కడితే పోస్టులో చిన్న పెట్టె వస్తుంది. అందులో వేలెడంత సీసా ఉంటుంది. దాన్నిండా ఉమ్మి నింపి, మూత బిగించి తిరిగి పంపాలి. కొన్ని కంపెనీలు పుల్లతో బుగ్గ లోపల రుద్ది పంపమంటాయి. కొన్ని వారాలకు ఆన్‌లైన్‌లో ఫలితం వస్తుంది. అందులో ముఖ్యంగా రెండు సంగతులుంటాయి. ఒకటి, మీలో ఏ ప్రాంతంవారి వాటా ఎంత శాతం అని. రెండు, ఇదే కంపెనీలో పరీక్ష చేయించుకొన్న వారిలో మీకు చుట్టాలెవరు అని. అమెరికాలో 2000లో ఫ్యామిలీ ట్రీ డి.ఎన్.ఏ., 2006లో ట్వంటీత్రీ అండ్ మీ మొదలయ్యాయి. యాన్సెస్ట్రీ అనే కంపెనీలో ఇప్పటికి రెండున్నర కోట్ల మందికి పైగా ఈ పరీక్ష చేయించుకొన్నారు.

ఇక మనవాళ్ళ అనుభవాలకు వద్దాం.

మన అమలాపురంలోనే, గడియార స్తంభానికి ఎంతో దూరం కాని వీధిలో ఒక కుటుంబం ఉంది. వారి అబ్బాయి అమెరికాలో ఇంజనీరు. వాళ్ళింట్లో తరతరాలుగా ఒక మాట ఉంది: "మా పెద్దలు బుఖారా నుంచి గుర్రాల మీద వచ్చారు" అని. అబ్బాయికి చిన్నప్పటి నుంచీ ఆ గుర్రాల కథ మీద మోజు. ఒక కంపెనీకి డబ్బు కట్టి ఉమ్మి పంపించాడు. వచ్చిన ఫలితం చూస్తే దాదాపు అంతా దక్షిణ భారతమే. ఒక రెండు శాతం మాత్రం మధ్య ఆసియా అన్నారు. తండ్రి ఆ రెండు శాతాన్నే పట్టుకొని, "చూశారా, బుఖారా ఉంది" అని అందరికీ చెప్పుకొన్నారు. ఏడాది తిరక్కుండా కంపెనీవారు లెక్క సవరించామని కొత్త కాగితం పంపారు. అందులో ఆ రెండు శాతమూ లేదు. "అయ్యబాబోయ్, అదీ పోయిందాండీ!" అని ఆయన మా దగ్గరకొచ్చారు. నవ్వాలో ఓదార్చాలో మాకు తెలియలేదు.

మనిషి మారలేదు, ఉమ్మి మారలేదు, మరి లెక్క ఎందుకు మారింది? కంపెనీ దగ్గర మన ముత్తాతల నమూనాలేమీ లేవు. వేరువేరు ప్రాంతాల్లో ఈనాడు బతికివున్న కొంతమంది నమూనాలు పెట్టుకొని, మీది ఎవరితో ఎంత పోలుతోందో అంచనా కడతారు. నమూనాలు పెరిగినా, లెక్క కట్టే పద్ధతి మారినా శాతాలు మారతాయి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క లెక్క చెప్పేదీ అందుకే. సొంత అన్నదమ్ములిద్దరికి కూడా శాతాలు ఒకేలా రావు, ఎందుకంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ సగం సగం వచ్చినా, ఏ సగం వచ్చిందన్నది పిల్లవాడికీ పిల్లవాడికీ మారుతుంది.

ఇంకో చిన్న లెక్క చూడండి. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతా అవ్వలు నలుగురు, ఆ పై తరం ఎనిమిది. ఇలా పది తరాలు పైకి పోతే 1,024 మంది అవుతారు. అందులో చాలామంది డి.ఎన్.ఏ. మనలో ఒక్క ముక్క కూడా మిగలదు. మిగలనంత మాత్రాన వాళ్ళు మన పెద్దలు కాకుండా పోతారా? ఆ గుర్రాల మీద వచ్చినాయన నిజంగా ఉన్నా ఈ పరీక్షలో కనిపించకపోవచ్చు. ఉన్నాడనుకొన్నా, 1,024 మందిలో ఆయన ఒక్కడు. మిగిలిన 1,023 మందిని ఎందుకు మరిచిపోవాలి?

ఈ విషయం మీద శాస్త్రజ్ఞులు చేసిన పని ఉంది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. మన దేశంలో దాదాపు అన్ని సమూహాలవారూ రెండు ప్రాచీన జనాల కలయికేనని, పాళ్ళు మాత్రమే వేరని అందులో తేల్చారు. 2010లో భారతీయ ముస్లిముల గురించి ప్రత్యేకంగా ఒక పరిశోధన యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వచ్చింది. మన దేశపు ముస్లిములు ఎక్కువగా తమ చుట్టుపక్కల ఊళ్ళవారితోనే పోలుతారని, పశ్చిమాసియా, అరబ్బు, ఆఫ్రికా జాడలు కొన్ని సమూహాల్లో కొద్దిపాటిగా ఉన్నాయని అందులో తేలింది. అంటే మనం ఈ మట్టివాళ్ళం. ఈ గోదావరి నీళ్ళు తాగి, ఈ కొబ్బరిచెట్ల నీడన పెరిగిన వాళ్ళ పిల్లలం. ఇందులో చిన్నతనమేముందండీ?

ఈ మాట ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామంటే, ఒక పెళ్ళి సంబంధంలో అబ్బాయి తరఫువారు పిల్ల తరఫువారిని ఈ శాతాల కాగితం అడిగారని మా చెవిన పడింది. సంబంధం అక్కడితో ఆగిపోయిందట. మనలో సయ్యదులున్నారు, షేకులున్నారు, పఠాన్లున్నారు, తెలుగు ఇంటిపేర్లతో ఉన్న నూర్‌బాషా సోదరులున్నారు. ఎవరు గొప్ప అన్నది తేల్చడానికి ఈ సీసా పనికిరాదు. తెగలూ జాతులూ ఒకరినొకరు గుర్తుపట్టడానికే గాని, గొప్పలకు కాదని మన మతం స్పష్టంగా చెప్పింది. కట్నం అడగడమే తప్పని ఈ వేదిక మీద ఇన్నేళ్ళుగా చెప్పుకొంటున్నాం. ఇప్పుడు దానికి తోడు శాతాలు అడగడం కూడా మొదలైతే మన ఆడపిల్లల గతి ఏమిటి? పెద్దలు దీన్ని మొగ్గలోనే తుంచాలని మనవి.

అదే అబ్బాయి పరీక్షలో రెండో భాగం ఉంది గదా, చుట్టాల జాబితా. అసలు కథ అక్కడుంది.

చాలామంది మనవాళ్ళకు ఈ జాబితా నిరాశే మిగులుస్తుంది. పరీక్ష చేయించుకొన్నవారిలో ఎక్కువమంది అమెరికా, యూరపు వాళ్ళు. మన ప్రాంతంవారు బహు తక్కువ. అబ్బాయికి మాత్రం ఒక పేరు వచ్చింది. దక్షిణ ఆఫ్రికాలో డర్బన్ నగరంలో ఉండే ఒక రిటైరైన పంతులమ్మ. థర్డ్ కజిన్ కావచ్చు అని రాశారు. అంటే మన లెక్కలో ఇద్దరికీ తాత తాత ఒక్కడే అన్నమాట. ఆమె అంతకుముందే పరీక్ష చేయించుకొని, ఇండియా నుంచి ఎవరైనా కనిపిస్తారా అని కాచుకొని ఉందట. అబ్బాయికి వెంటనే ఉత్తరం రాసింది: "మా తండ్రి తాత గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఓడ జాబితాలో అమలాపురం అని ఉంది. మీరు మా వాళ్ళేనా?"

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను నాటల్ తీసుకొనిపోయారు. ఆనాటి ఇంగ్లీషు వలస అది, ఇప్పుడు దక్షిణ ఆఫ్రికాలో భాగం. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అదే మొదటి ఓడ. 1911 వరకు 1,52,184 మంది వెళ్ళారు. అందులో తెలుగువారు వేలాదిమంది, మన ముస్లిములూ ఉన్నారు. డర్బన్‌లో పేరుమోసిన బాద్‌షా పీర్ హజ్రత్‌గారు కూడా కూలీగా ఓడ దిగినవారేనని అక్కడివారు చెప్పుకొంటారు. ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు రాసుకొన్నారు. ఆ ఓడ జాబితాలు ఈనాటికీ ఉన్నాయి. కూలీ మనిషి పారిపోకుండా రాసుకొన్న పుస్తకమే ఇప్పుడు మునిమనవలకు వంశావళి అయింది.

మారిషస్‌కు 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. వారి రికార్డులు మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా పోయారు. మన గోదావరి ప్రాంతం నుంచి ఎక్కువమంది పోయింది రంగూనుకు. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. కాని రంగూను పోయినవారు కాకినాడలో స్టీమరెక్కి సొంతంగా వెళ్ళి వచ్చేవారు. నాటల్ జాబితాల్లాంటివి వారికి మాకు ఎక్కడా దొరకలేదు. 1942లో జపాను దండు వచ్చినప్పుడు కాలినడకన తిరిగొచ్చినవారి కథలు మీ ఇళ్ళలోనూ ఉంటాయి.

మళ్ళీ మన కుటుంబం దగ్గరకు వద్దాం. పంతులమ్మ ఉత్తరం చూసి ఇంట్లో సంతోషం కంటే కంగారే ఎక్కువైంది. ఎందుకంటే వాళ్ళింట్లో నాటల్ అనే మాటే ఎవరికీ తెలియదు. మా దగ్గరకొచ్చారు. వెతకడం మొదలుపెడితే మొదటి చిక్కు పేరు. షేక్ అనే ఒక్క మాటనే ఇంగ్లీషు గుమాస్తాలు నాలుగైదు రకాలుగా రాశారు. ఆ పేరున్నవారు ఒక్కొక్క ఓడలోనూ ఉన్నారు. రెండో చిక్కు ఊరు. పంతులమ్మ ఇన్నేళ్ళూ ఆన్‌లైన్‌లో తూర్పు గోదావరి అని వెతికింది. వాళ్ళ ముత్తాత వెళ్ళేనాటికి ఆ పేరే లేదు. 1859కి ముందు ఇది రాజమండ్రి జిల్లా, ఆ తరువాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ. ఊరు కదలకపోయినా నూట డెబ్బై ఏళ్ళలో మూడుసార్లు జిల్లా మారింది. విదేశాల్లో ఉండి వెతికే మన పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకొంటే సగం శ్రమ తప్పుతుంది.

మేము ఆ ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చున్నాం. అబ్బాయికి ఆమె దాదీ, తండ్రిగారి తల్లి. ఎనభై ఎనిమిదేళ్ళు. చెవి కొంచెం మందం, జ్ఞాపకం మాత్రం గట్టిది. "మా తాతకు ఒక అన్న ఉండేవాడంట నాయనా. కాలవ మీద కొబ్బరికాయల పడవెక్కి కాకినాడ పోయాడు. రంగూను పోతున్నానని కబురు చేశాడు. అంతే, మళ్ళీ ఉత్తరం లేదు. మా తాత చచ్చేదాకా రంగూను నుంచి ఎవరొచ్చినా అడిగేవాడు" అన్నారు. మరి కాగితాలేమైనా ఉన్నాయా అంటే, ట్రంకుపెట్టె 1986 వరదలో తడిసింది, మిగిలింది 1996 నవంబరు తుఫానులో ఇంటికప్పుతో పాటు పోయింది అన్నారు. కోనసీమలో సగం కుటుంబాల జవాబు ఇదే.

అప్పుడు ఆమే అన్నారు, "పంపకాల దస్తావేజు రిజిస్ట్రీ అయిందిగదా, వాళ్ళ దగ్గర ఉండదా?" అని. మాకు తట్టనిది ఆమెకు తట్టింది. నకలు తీయించాం. 1921 నాటి దస్తావేజు. తాతగారూ వారి తమ్ముడూ ఆస్తి పంచుకొన్నారు. అందులో, దేశాంతరం పోయిన అన్నగారు తిరిగి వచ్చినచో ఇచ్చుటకు రెండు కుంచాల కొబ్బరితోట విడిగా ఉంచడమైనదని రాసి ఉంది. అన్నగారి పేరూ, తండ్రి పేరూ, గ్రామమూ రాసి ఉన్నాయి. పంతులమ్మ పంపిన ఓడ జాబితా నకలు పక్కన పెట్టి చూస్తే ఆ మూడూ కలిశాయి. రంగూనని బయలుదేరిన మనిషి కాకినాడలో ఏ మేస్త్రీ మాట విన్నాడో, మద్రాసు పోయి నాటల్ ఓడెక్కాడు.

ఇక్కడ పరీక్ష తప్పొకటి బయటపడింది. థర్డ్ కజిన్ అన్నారు గాని, కాగితాల ప్రకారం అబ్బాయి ఇంకో తరం దూరం. మరి దగ్గరగా ఎందుకు చూపించింది? దాదీగారు పెళ్ళి చేసుకొన్నది తన పెదనాన్న కొడుకును. భార్యాభర్తలిద్దరూ ఆ తాతగారి మనవలే. కాబట్టి అబ్బాయికి ఆ తాతగారి డి.ఎన్.ఏ. రెండు దారుల్లో వచ్చింది. చిన్నాన్న, పెదనాన్న పిల్లల్లో పెళ్ళిళ్ళు మనకున్నాయి, మేనరికాలు మనకూ మన హిందూ సోదరులకూ ఉన్నాయి. అన్నదమ్ముల పిల్లలు పెళ్ళి చేసుకొంటే వారి బిడ్డకు ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది కాదు, ఆరుగురే. అమెరికా కంపెనీల లెక్క ఎనిమిది మంది ఉన్నవారిని చూసి కట్టింది. అందుచేత మనకు దూరపు చుట్టాన్ని దగ్గరగా చూపిస్తుంది. తిరగేసి చూస్తే, నిజంగా చుట్టమైనా కనిపించకపోవచ్చు. తాత తాత ఒక్కడే అయినవారిలో నూటికి పదిమంది దాకా పరీక్షకు అందరు. ఇంకో తరం దూరమైతే సుమారు సగం మంది అందరు. అందుకని పరీక్షలో రాలేదు గనుక చుట్టం కాదు అనకూడదు.

ఇదంతా తేలాక ఇంట్లో అసలు గొడవ మొదలైంది. "రెండు కుంచాల తోట అన్నారు. ఇప్పుడది ఇళ్ళ స్థలమైపోయింది. ఆవిడ వాటా అడిగితే?" అని ఒకరు. "జవాబు రాయొద్దు, ఊరుకుంటే పోతుంది" అని ఒకరు. రెండు వారాలు ఉత్తరం రాయలేదు. చివరకు దాదీగారే కొడుకుల్ని పిలిచి, "మా తాత చచ్చేదాకా ఎవరి కోసం అడిగాడో వాళ్ళొచ్చారు. తోట సంగతి కూడా దాచకుండా రాయండి. బంధుత్వం తెంపితే అల్లా దగ్గర ఏం చెబుతారు?" అన్నారు. అబ్బాయి దస్తావేజు నకలుతో సహా అంతా రాశాడు.

పంతులమ్మ జవాబు మూడోనాడే వచ్చింది. తోట ఊసే లేదు. ఆమె అడిగింది ఒక్కటే: "ఓడ జాబితాలో తండ్రి పేరు రాశారు, తల్లి పేరు రాయలేదు. మా ముత్తాత తల్లి పేరేమిటి?" దస్తావేజులోనూ లేదు, పరీక్షలో వచ్చేది కాదు. మేము దాదీగారిని అడిగాం. ఆమె నవ్వి, "నా పేరే నాయనా. ఆవిడ పేరే నాకు పెట్టారు" అన్నారు.

నూట పాతికేళ్ళుగా డర్బన్‌లో ఎవరికీ తెలియని పేరు, ఇక్కడ ఒక ముసలావిడ పేరై తిరుగుతోంది. ఫోనులో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. సలాం ఒక్కటే కలిసింది. తరువాత ఏడు నెలలకు దాదీగారు కాలం చేశారు. ఆ ఉత్తరానికి ఇంకో ఏడాది జాప్యమై ఉంటే ఆ పేరు మట్టిలో కలిసిపోయేది.

ఇంకొక అనుభవం చెబుతాం. ఇది మన ఊరి సంగతి కాదు. ఒక తల్లికి పిల్లలు లేరు. చెల్లెలి కొడుకును పురిట్లోనే తెచ్చుకొని పెంచుకొంది. బడిలో తండ్రి పేరు తన భర్త పేరే రాయించింది. చెల్లెలికీ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్లవాడు పెద్దవాడై, అతని కూతురు పరాయి దేశంలో చదువుకొంటూ సరదాకు ఈ పరీక్ష చేయించుకొంది. ఆ పిన్నమ్మగారి కూతురు కూడా వేరేచోట చేయించుకొని ఉంది. లెక్క ప్రకారం ఇద్దరికీ నూటికి ఆరు పాళ్ళు కలవాలి. పాతిక పాళ్ళు కలిసింది. కంపెనీవారు మేనత్త అని రాసి పంపారు. ఆ పిల్ల అర్ధరాత్రి తండ్రికి ఫోను చేసి అడిగింది. పక్కగదిలో ఉన్న ఎనభై ఏళ్ళ తల్లి విన్నది. "ఆ యంత్రంలో పెంచినదానికి లెక్క లేదా బేటా?" అని ఆమె అడిగిన మాటకు ఆ ఇంట్లో ఎవరిదగ్గరా జవాబు లేదు. ఆమె కొడుకు ఆమెను వదల్లేదు, ఇంకా దగ్గరయ్యాడు. కాని ఆ రాత్రి ఆ తల్లి పడ్డ బాధకు కారణం కేవలం సరదా. పిల్లలకు తల్లిదండ్రుల సంగతి తెలుసుకొనే హక్కు లేదని మేము అనము. ఇటువంటి విషయాలు బిడ్డకు ఇంట్లోనే, ముందే, ప్రేమగా చెప్పుకొంటే యంత్రం చెప్పవలసిన అవసరం ఉండదు.

డబ్బు ఖర్చు సంగతి కూడా చెప్పాలి. కొందరు పరీక్ష జోలికి పోకుండా వంశావళి సైటులకు ఏడాది చందా కట్టారు. అందులో ఏమీ దొరకలేదని వాపోయారు. కారణం తేలికే. ఆ సైటుల్లో ఇండియా కింద ఉన్నవాటిలో ఎక్కువభాగం చర్చి రిజిస్టర్లు. కంపెనీ కాలంలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు లండన్ పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తెల్లదొరల మునిమనవలకు అవి బంగారం, మనకు అందులో ఏముంటుంది? కాజీగారి నికా పుస్తకం ఎవరూ లండన్ పంపలేదు. డబ్బు కట్టక ముందు మన జిల్లావి ఏ రికార్డులున్నాయో చూసుకోండి. ఫ్యామిలీసెర్చ్ వంటి ఉచిత సైటులో ముందు వెతకండి. చందా దానంతటదే మళ్ళీ కోత పడుతుందేమో గమనించండి. ఇతరులు కట్టిన వంశవృక్షాన్ని చూసి, పేరు కలిసిందిగదా అని మీ చెట్టుకు అంటించుకోకండి.

ఇక జాగ్రత్తలు. మీ డి.ఎన్.ఏ. మీ ఒక్కరిదే కాదు. సగం మీ అన్నదమ్ములది, అక్కచెల్లెళ్ళది కూడా. 2023 అక్టోబరులో ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ ఖాతాదారుల వివరాలు దొంగల పాలయ్యాయని బయటపడింది. దొంగలు నేరుగా తెరిచింది సుమారు 14 వేల ఖాతాలే. మరోచోట దొరికిన పాస్‌వర్డులే ఇక్కడా పెట్టి చూస్తే తెరుచుకొన్నాయి. కాని చుట్టాలను చూపించే సదుపాయం ఉంది గదా, దాని గుండా సుమారు 69 లక్షల మంది వివరాలు పోయాయి. తలుపు వేసుకొన్నవాడి ఇల్లు కూడా తలుపు వేసుకోని చుట్టం వల్ల దోపిడీ అయింది. ఆ కంపెనీయే 2025 మార్చిలో దివాలా దాఖలు చేసి, జూలైలో దాని స్థాపకురాలు పెట్టిన సంస్థకు 30.5 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అంటే మన వివరాలు ఒకరిని నమ్మి ఇస్తాం, రేపు అవి ఎవరి చేతిలో ఉంటాయో చెప్పలేం.

అందుచేత చేయించుకొనేవారు చేయించుకోండి, మేము వద్దనము. చేసే ముందు తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ ఒక మాట చెప్పండి. వేరేచోట వాడని పాస్‌వర్డు పెట్టండి. చుట్టాల జాబితాలో కనిపించాలా వద్దా అన్నది మీరే ఎంచుకోవచ్చు. పని అయ్యాక వివరాలు దించుకొని, ఖాతా తీసేసి, నమూనాను పారవేయమని అడగవచ్చు. జబ్బుల గురించిన సందేహమైతే దీన్ని నమ్ముకోకుండా డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి.

చివరగా ఒక మనవి. సీసా కొనడానికి ముందు నూరు పేజీల నోటుబుక్కు కొనండి. ఇంట్లో దాదీ ఉంటే దాదీ దగ్గర, నానీ ఉంటే నానీ దగ్గర కూర్చోండి. వారి తల్లి పేరు, తల్లికి తల్లి పేరు రాయించుకోండి. మగవారి పేర్లు దస్తావేజుల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఆడవారి పేర్లు దొరకవు. ఎవరు ఏ ఊరినుంచి కోడలుగా వచ్చారు, ఎవరు ఏ దేశం పోయారు, ఎవరి పేరు ఎవరికి పెట్టారు, ఇవి అడగండి. నికా కాగితాలు, బడి సర్టిఫికెట్లు, పాత పాస్‌పోర్టులు ఫోనులో ఫొటో తీసి ఇంకోచోట కూడా దాచండి. మనది వరదల సీమ, ఒక్క పెట్టెను నమ్ముకోకూడదు. కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మన అక్కచెల్లెళ్ళ వివరాలు కూడా ఇప్పుడే రాయండి. నూరేళ్ళ తరువాత వారి మునిమనవలు ఏ సీసా పట్టుకొని అమలాపురం అడగాల్సిన పని ఉండకూడదు.

సంఘం వంశావళి పుస్తకం జుమా నమాజు తరువాత ఆఫీసులో తెరిచి ఉంటుంది. ఫీజు లేదు. మీ పేర్లతోపాటు మీ అమ్మమ్మల పేర్లు తీసుకొని రండి.